పాత మెయిలా, కొత్త మెయిలా

1999లో ఆత్మకూరు సేవాసంస్థ ఆఫీసుకు కొత్త ఈమెయిల్ పద్ధతి వచ్చింది. పాతదాంతో పాటు నెల రోజులు నడిపి చూసి, ఏది మేలో రాయమని నెల్లూరు హెడ్డాఫీసు వాళ్లు ఆత్మకూరు ఆపరేటర్ కరుణశ్రీని అడిగారు.

పాతదాంట్లో ఉదయగిరి బ్రాంచి వాళ్ల మెయిళ్లు ముందు ఆత్మకూరుకు వచ్చేవి. మేనేజర్ దయాసాగర్ చూసి సరేనంటే కరుణశ్రీ వాటిని నెల్లూరుకు పంపేది. కొత్తదాంట్లో ఎవరి మెయిల్ వాళ్లే నేరుగా పంపుకోవచ్చు. ఇక ఆపరేటర్ అక్కర్లేదు.

"కొత్తది పనికిరాదని రాయమ్మా," అన్నాడు దయాసాగర్. "నీ ఉద్యోగం నిలబడతాది. నీ మంచికే చెప్తుండా."

"బాగుండాదని రాసి పంపేసినాను సార్."

"నీకేమన్నా పిచ్చా? నీ నోటి కూడు నువ్వే తీసేసుకుంటివి గదా!"

"ఇంకో పని చూసుకుంటాను." కరుణశ్రీ కుర్చీలోంచి లేచింది. "ఉదయగిరి బ్రాంచి ఆడోళ్లు మీ మీద ఎన్నిసార్లు మొర పెట్టుకున్నా మీరు ఆ మెయిళ్లను ఆత్మకూరు దాటనియ్యలేదు. నిన్న వాళ్లు కొత్తదాంట్లో రాసినారు. ఎల్లుండి విచారణకు వస్తామని నెల్లూరు నుంచి జవాబొచ్చింది సార్."