బల్ల మీద మెక్సికో

హ్యూస్టన్‌ని వరద ముంచెత్తిన మరుసటి ఏడు.

"మళ్ళీ ఎవడో దించాడు మామయ్యా!" స్మృతి కారెక్కి తలుపు దబ్బున వేసింది. "మెక్సికో పుస్తకాలన్నీ బల్ల మీదే!"

"ఊఁ" అన్నాడు ఈశ్వరయ్య బెల్టు పెట్టుకుంటూ. ఆయన నోట ఊఁ వచ్చిందంటే అదే ఉపన్యాసం.

వరదకి ఇంటి పక్క లైబ్రరీ మునిగిపోవడంతో, అందులో పనిచేసే స్మృతిని గంట దూరంలో ఉన్న ఇంకో లైబ్రరీకి వేశారు. అక్కడ మూలగది ఆమెది. గదినిండా మెక్సికో రాజులు, పండగలు, యుద్ధాలు, వంటలు. దిండంత లావు రిఫరెన్స్ పుస్తకాలు. ఇంటికివ్వరు. చదివినవి బల్ల మీదే వదిలెయ్యాలి. సాయంత్రం స్మృతి వాటిని స్కాన్ చేసి అరల్లో సర్దుతుంది. ఎన్ని స్కాన్‌లైతే గదికి అంత వాడకం ఉన్నట్టు.

ఇప్పుడు ఇంటి పక్క లైబ్రరీ మళ్ళీ తెరుస్తున్నారు. నెలాఖరుదాకా ఈ పుస్తకాలెవరూ ముట్టకపోతే మూలగది మూసేసి, స్మృతిని అక్కడికి పంపిస్తానంది మేనేజర్ కార్మెన్. ముట్టే నాథుడే లేడని స్మృతి ధీమాగా ఉంది. సరిగ్గా అప్పుడే దాపురించాడీ పాఠకుడు.

"రోజూ లైబ్రరీకొస్తాడే, నాకా టోపీ పెద్దాయన మీదే డౌట్. మీరు రోజంతా అక్కడే ఉంటారుగా, కాస్త కనిపెట్టండి."

ఇంట్లో పొద్దుపోక ఈశ్వరయ్య రోజూ కోడలి వెంట వస్తాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. మూలగది కిటికీ పక్క కుర్చీలో ఊరికే కూర్చుంటాడు.

"కనిపెట్టాను. ఎవరూ రాలేదమ్మా."

"అయితే దయ్యాలు చదువుతున్నాయన్నమాట!"

ఫ్రీవే ఎక్కాక మామూలే. భర్త అవినాష్ బాసు గురించి, తన తల్లి ఫోన్లో పెట్టిన చీవాట్ల గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి స్మృతి గలగలా చెబుతూనే ఉంది. ఇల్లు చేరితే ఇక వంట, కూతురు హాసిని హోంవర్కు. అవినాష్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు ఊడవు.

"అక్కడికి మారితే హాయి మామయ్యా. అయిదు నిమిషాలే డ్రైవ్."

"అయిదు నిమిషాలేనా?"

"అవునండీ! ఎక్కీ ఎక్కగానే దిగిపోవడమే."

ఈశ్వరయ్య ఆమె వైపు తిరిగాడు. "ఆ కుక్క సంగతి చెప్పు. తర్వాతేమైంది?"

నెలాఖరున కార్మెన్ పిలిచి చేతులు పట్టుకుంది. "గది మూయడం లేదు స్మృతీ! లైబ్రరీ మొత్తంలో నీ మెక్సికోకే గిరాకీ!"

సాయంత్రం స్మృతి మొహం వేలాడేసుకుని కారెక్కింది.

"ఎవడో మహానుభావుడు నా కొంప ముంచాడు మామయ్యా. మళ్ళీ ఆర్నెల్లకి గానీ లెక్క చూడరట. అప్పటిదాకా రోజూ ఈ గంట, గంట!"

"ఊఁ."

ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఏడుపు మొహంతోనే మొదలుపెట్టి, ఇల్లు చేరేసరికి కార్మెన్‌ని అనుకరిస్తూ తనే నవ్వేసింది స్మృతి.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది. మూలగదిలో టోపీ పెద్దాయన లేడు, ఎవరూ లేరు.

ఈశ్వరయ్య లేచి మొదటి పుస్తకం దించాడు.