మంగ్లుపేట హాల్టు

"ఈ హాల్టు ఎత్తేస్తున్నాం. వచ్చే నెల నుంచి ఇక్కడ బండి ఆగదు," అన్నాడు రైల్వే ఇన్‌స్పెక్టర్ వరహాలరావు.

ఊరిపెద్ద మంగ్లు అదిరిపడ్డాడు. ప్లాట్‌ఫారానికి నేల ఇచ్చింది ఆయనే. అందుకు బదులుగా తన పేరే పెట్టమన్నాడు. ఊరి పేరుంటే అందరికీ తెలుస్తుందని రైల్వేవాళ్లు ఎంత చెప్పినా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. పసుపు బోర్డు మీద 'మంగ్లుపేట' అని పడిన దగ్గర్నుంచి దాన్ని రోజూ తువ్వాలుతో తుడిచి మురిసిపోతున్నాడు.

"అదేటి బాబూ! బండి నేకపోతే మా ఆడోళ్లు తట్టలు నెత్తినెట్టుకుని అరకు సంత నుంచి కొండెక్కి రావాల!"

"అరకులో మీ హాల్టుకి ఒక్క టికెట్టూ తెగడం లేదు మరి."

"సంత రోజు బండెడుమంది దిగుతారు కదా!"

"దిగుతున్నారు. చేతుల్లో మాత్రం ఈ హాల్టు దాటాక వచ్చే పై స్టేషను టికెట్లు. ఎవరూ కొనని హాల్టు ఎందుకని పైవాళ్లు అడుగుతున్నారు."

మంగ్లు చూపు బెంచీ మీద చుట్ట కాలుస్తున్న పక్క ఊరి బుధు మీద పడింది.

"ఇది నీ పనే! మీ ఊరి పేరెట్టనేదని మావోళ్లకి నేనిపోని మాటలు ఎక్కించీసినావు!"

"నాకేటి పని? సంతకెల్లేది మీ ఆడోళ్లు. ఆళ్లనే అడుగు," అన్నాడు బుధు తాపీగా.

అంతలో పాసింజరు వచ్చి ఆగింది. ఖాళీ తట్టలతో ఆడవాళ్లు బిలబిలా దిగారు. మంగ్లుని చూసి ఊరి కోడళ్లు చెంగు సర్దుకుని వెనక్కి తగ్గారు.

"టికెట్లు సూపండి!"

చూపించారు. అన్నీ పై స్టేషనువే. మంగ్లుకి కోపంతో పాటు ఏడుపూ వచ్చింది.

"ఎక్కువిచ్చి మరీ పైదానికి కొంతన్నారా? నా హాల్టంటే మీకంత పగేటి? ఎవలు నేర్పినారు? బేగి సెప్పండి!"

కోడళ్లు తలలు వంచుకున్నారు. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది.

"భయపడకండమ్మా. కారణం చెబితే హాల్టు ఉంచమని నేనే పైకి రాస్తాను," అన్నాడు వరహాలరావు.

మంగ్లు భార్య రత్నాలు తట్ట ఠక్కున దించింది.

"ఈ కోడళ్లందరికీ ఈ పెద్దమనిషి మావో, బావో. నాకా, తాళి కట్టినోడు. అరకు టేసన్లో నలుగురి ముందు కిటికీలో సెయ్యెట్టి, మొగుడి పేరు సెప్పి టికెట్టెలాగ అడిగేది బాబూ?"