ప్రింటర్ కలిసింది

ప్రింటర్ మీద నీలం లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది.

పుష్పలత మళ్లీ ప్రింట్ నొక్కింది. ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని కంప్యూటర్ మళ్లీ అదే మాట చూపించింది.

పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి.

మండలాఫీసులో ఆమెకిది నాలుగో రోజు. ఇదే ఆఫీసులో గుమాస్తాగా చేసిన భర్త భాస్కర్ రెండేళ్ల కిందట పోయాడు. ఆయన కొలువు ఆమెకు రావడానికి ఇంతకాలం పట్టింది. కొత్తగూడెంలో జిల్లా ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే గుర్తు లేదు. ఆర్డరు చేతికొచ్చిన రోజున ఏడుస్తుందేమోనని చుట్టాలు చూశారు. ఏడవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇల్లందు బస్సెక్కింది.

ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చున్నప్పుడూ లోపల ఏమీ కదలలేదు.

పొద్దున ఆఫీసరు గ్రామసభకు పోతూ చెప్పి పోయాడు. మూడింటికి అటెండరు ఎల్లస్వామి వస్తాడు, ఇండ్లు మంజూరైనవాళ్ల జాబితా ప్రింటు తీసి అతని చేతిలో పెట్టాలి. అది కూడా చేతకాకపోతే ఇంకో ఆరు నెలలు ఇంటి దగ్గరే ఉండి కంప్యూటర్ నేర్చుకు రమ్మని పైకి రాస్తాడు, తను వేరే ఏర్పాటు చూసుకుంటాడు. కోపంగా అనలేదు. బండి తాళాలు వెతుక్కుంటూ అన్నాడు.

ఆరు నెలలంటే కిరాయి ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అది తెలిసీ భయం రాలేదు. రావాలి కదా అనుకుంది.

మిగతావాళ్లంతా సభకే పోయారు. మొన్న పిడుగుకు పాత నెట్ డబ్బా కాలిపోతే కొత్తది బిగించి పోయిన మనిషికి ఫోన్ చేస్తే స్విచాఫ్. ప్రింటర్‌కు వైరు పెడదామంటే దాన్ని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి.

వరండాలో బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. తల మీద కొంగు, చేతుల నిండా పత్తికాయ గీతలు, ఒడిలో నిద్రపోతున్న పిల్ల. ఏ తండా నుంచో వచ్చి ఉంటుంది.

“సార్లు ఎవ్వరు లేరమ్మా. రేషన్ కార్డుదైతే రేపు రా,” అంది పుష్పలత, తల ఎత్తకుండానే.

పర్లేదు, కూర్చుంటానందామె.

ఒంటిగంటయింది. రెండయింది. పుష్పలత అన్నం డబ్బా మూత తీయలేదు.

గుమ్మంలో నీడ పడింది. ఆమే. పిల్లను భుజాన వేసుకుని ప్రింటర్ వంకే చూస్తోంది.

“నెట్ డబ్బా మార్చిన్రా అక్కా?”

“అవ్. ఏంది?”

“ప్రింటర్ ఇంకా పాతదాన్నే దేవులాడుతున్నది. ఆ డబ్బా కాలిపోయిందని దానికెవరు చెప్పాలె?”

పుష్పలత మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. నవ్వుదామనుకుంది గానీ, అదెట్లాగో వెంటనే గుర్తు రాలేదు.

ఇవన్నీ నీకెట్లా తెలుసని అడిగింది. ఇల్లందులో డిగ్రీ చదివానందామె. అయితే నువ్వే చేసిపెట్టమని పుష్పలత లేచి కుర్చీ జరిపింది.

ఆమె గుమ్మం దాటలేదు.

“నువ్వే నొక్కు అక్కా. రేపు మళ్ల కనెక్షన్ పోతే ఎవరుంటరు?”

ప్రింటర్ మీద వైఫై గుర్తున్న బొత్తాన్ని లైటు గబగబా కొట్టుకునేదాకా వదలకూడదు. ఆ తర్వాత రెండు నిమిషాల లోపల నెట్ డబ్బా వెనకున్న బొత్తాం నొక్కాలని గుమ్మంలోంచే చెప్పిందామె. డబ్బా బీరువా పైన గోడకుంది. పుష్పలత కుర్చీ లాగి ఎక్కబోయింది.

“అది కాదక్కా, ఒక పక్కకు ఒరుగుతది. స్టూలు తెచ్చుకో.”

స్టూలు తెచ్చేసరికి రెండు నిమిషాలు దాటిపోయాయి. మళ్లీ మొదటి నుంచి. ఈసారి నీలం లైటు నిలిచి వెలిగింది.

కంప్యూటర్ మాత్రం ఇంకా ఆఫ్‌లైన్ అనే అంటోంది. దాంట్లో పాత ప్రింటర్ పేరు తీసేసి, కొత్తగా వెతకమని చెప్పాలందామె. పుష్పలత వెతకమంది. దొరికింది.

కాగితం బయటికొచ్చింది. ఒకటి తర్వాత ఒకటి, పద్నాలుగు.

పుష్పలత వాటిని రెండు చేతులతో తీసుకుంది. వెచ్చగా ఉన్నాయి.

“నీ పనేందో చెప్పు. నేను రాసిపెట్టి సారుకు చూపిస్త.”

“ఉండె గాని, ఇప్పుడేం లేదక్కా. పిల్ల లేస్తది, బస్సు టైమయింది.”

పేరడుగుదామని పుష్పలతకు తోచేలోపే ఆమె రోడ్డెక్కింది.

మూడుకు పది నిమిషాలుందనగా ఎల్లస్వామి బండి దిగాడు. కాగితాలు లెక్కచూసుకుని, జాబితా అందిందని ఆఫీసరుకు ఫోన్లో చెప్పాడు. వెళ్లబోతూ వరండాలోకి, గేటు వైపుకి చూశాడు.

“రూప్లి రాలేదా మేడం?”

ఆమెవరని పుష్పలత అడిగింది.

ఈ సీట్లో రెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేసిన పిల్ల అని అతను చెప్పాడు. మీకు ఆర్డరు రాగానే ఆపేశారు, ఇప్పుడు పత్తి ఏరబోతోంది, చంకలో చిన్నపిల్ల ఉంటుంది అన్నాడు.

పుష్పలత వరండాలో ఖాళీగా ఉన్న బల్ల వైపు చూసింది.

“ఆమె ఎందుకొస్తది ఇయ్యాల?”

ఎల్లస్వామి కాగితాల కట్టకు రబ్బరుబ్యాండు వేస్తూ మెల్లగా చెప్పాడు.

“సారే పొద్దున ఫోన్ చేసి వచ్చి కూసొమ్మన్నడు మేడం. మూడింటికి మీరు జాబితా ఇయ్యకపోతే, రేపటి సంది ఈ సీటు మళ్ల ఆమెకే అని.”