గతుకులో తిరిగిన చక్రం

నా పాత స్పోర్ట్స్ కారును మా అల్లుడు గోడకు గుద్దాడు. "గతుకులో పడగానే బండి దానంతటదే పక్కకు లాగేసింది మామయ్యా" అన్నాడు. తాగి నడిపాడని ఇంటిల్లిపాదికీ నేనే చెప్పాను. అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది.

మొదట్లో వాదించేవాడు. పోయిన నెల నుంచి నోరు మెదపడం లేదు. పైగా, "మెకానిక్ షెడ్డుకు మీరెందుకు, నేను చూసుకుంటాను" అంటాడు. నా అనుమానం ముదిరింది. చెప్పకుండా షెడ్డుకు వెళ్ళాను.

నన్ను చూసి మెకానిక్ నీళ్ళు నమిలాడు. ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నమాట.

"ఏం చేస్తున్నావో నా కళ్ళముందు చెయ్యి" అన్నాను.

అతను స్టీరింగును తాడుతో కట్టేశాడు. ముందు చక్రం స్ప్రింగు ఊడదీసి, ఆ చక్రాన్ని జాకీతో లేపాడు. ఎవరూ తిప్పకుండానే చక్రం పక్కకు తిరిగింది.

"బండి ఎత్తు తగ్గించారు కదండీ. చక్రాన్ని తిప్పే కడ్డీ ఏటవాలైపోయింది. గతుకు తగిలితే అదే లాగేస్తుంది. కడ్డీ చివర ఈ బిళ్ళలు వేసి మట్టం చేస్తే సరి."

బండి నేలకు ఆనినట్టుంటే అందమని ఆ స్ప్రింగులు కోసింది నేనే.

"ఈ సంగతి మా అల్లుడికి చెప్పాలి" అన్నాను.

"ఆయనకి పోయిన నెలే చూపించానండీ" అన్నాడు మెకానిక్, తలెత్తకుండా. "'మామయ్య ముచ్చటపడి చేసుకున్న పని. నేను తాగాననే అనుకోనీ, ఆయనకి తెలీకుండా సరిచెయ్యి' అన్నారు."