పాటిదిబ్బ పక్కన పోయిన పుస్తె

పత్తి తీస్తుంటే యశోద పుస్తెల తాడు తెగింది.

ఒక పుస్తె చేతికి దొరికింది. అత్తవారు పెట్టిన రెండోది మాత్రం ఎటు పడిందో ఏమో! పత్తి వేసుకోడానికి నడుముకు కట్టుకున్న ఒడిగుడ్డ దులిపింది. సాళ్లన్నీ చూసింది. లేదు.

పుస్తె పోవడమంటే మామూలు సంగతా! పైగా మొగుడు పవన్ లారీ వేసుకుని నాగపూర్ వైపు వెళ్లాడు. నిన్నటి నుంచి ఫోన్ కలవడం లేదు.

పోయిన పుస్తె చోట పసుపుకొమ్ము కట్టుకుని, కొంగు నిండుగా కప్పుకుంది. అత్త సుబ్బులమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా, కొడుకును తనే మింగేసినట్టు మాట్లాడుతుంది.

మర్నాడు చేలోకి వెళ్లేసరికి, పక్కనే పాటిదిబ్బ మీద ఎవరో పెద్దాయన. ఎప్పుడో ఊరుండి పాడైపోయిన చోటది. కింద పళ్లెంలాంటిది బిగించిన కర్రను నేల మీద అటూ ఇటూ ఊపుతున్నాడు. ఉండుండి కర్ర కుయ్‌మంటోంది.

"ఏంది నాయనా అది?"

"నేలలో ఇనుమున్నా, రాగున్నా, బంగారమున్నా కూస్తదమ్మా."

"లంకెబిందెల కోసరమా?"

పెద్దాయన నవ్వాడు.

"పాతకాలం చిల్లుకానీల కోసరం. మాది కురిచేడు. రైల్వేలో చేసి రిటైరైనా. నిత్యానందం అంటారు. ఇట్ల దిబ్బలెంట తిరగడం నాకూ మా ఇంటామెకూ పిచ్చి. నేను కూత పట్టేది, ఆమె తవ్వేది. ఇప్పుడు రెండు పనులూ నావే."

"ఆమె రాలేదా?"

"పోయింది తల్లీ. పసుపు కుంకాలతోనే పోయింది."

ఆ మాట అంటూ చొక్కా జేబు తడుముకున్నాడు.

యశోదకు ఏడుపు ఆగలేదు. తన సంగతంతా చెప్పేసింది.

"ఎవరికీ చెప్పొద్దు నాయనా. ఆయనకేమన్నా అయితే నేను బతకను."

"ఏడవొద్దు. నేల మీద పడింది యాడికి పోతది? వెతుకుదాం."

రోజూ బస్సెక్కి వచ్చేవాడు. సాలు సాలూ వెతికేవాడు. కర్ర కూసినప్పుడల్లా యశోదకు ప్రాణం లేచొచ్చేది. తీరా తవ్వితే తుప్పు మేకో, సీసా మూతో!

మధ్యాహ్నం దిబ్బ మీద ఒక్కడే సద్ది విప్పుకునేవాడు. పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి మరీ కూర్చునేవాడు. చూస్తే యశోదకు దిగులేసేది.

ఒకనాడు ఆమె గట్టు మీద కూలబడిపోయింది.

"ఇంక దొరకదులే నాయనా. ఆయన ఫోనూ లేదు, పాడూ లేదు. నా రాత ఇంతే."

నిత్యానందం కర్ర అందుకున్నాడు. మెల్లగా చేను ఆ చివరకు వెళ్లి వంగాడు. ఏడుపులో కర్ర కూసిందో లేదో ఆమె వినలేదు.

"ఇదేనా చూడు తల్లీ."

పుస్తె! అరచేతిలో వెచ్చగా ఉంది. కాస్త అరిగినట్టనిపించింది గానీ, ఆ సంబరంలో అదంతా ఎవరికి పట్టింది! పుస్తెలన్నీ ఒక్క తీరే కదా. కళ్లకద్దుకుని తాడుకు ఎక్కించుకుంది.

సాయంత్రానికి పవన్ ఫోన్ చేశాడు. పాత ఫోన్ ఎవడో కొట్టేశాడట.

మర్నాడే దిబ్బ మీద గొడవ.

"పాటిలో బంగారం తీసినాడు! నిన్న చేతిలో తళుక్కుమన్నది, మావాళ్లు చూసినారు" అని దిబ్బ సొంతదారు మాలకొండయ్య ఊళ్లో జనాన్ని వెంటేసుకొచ్చాడు.

సంచి బోర్లించారు. చిల్లుకానీలు, తుప్పు మేకులు.

"యాడ దాచినావు ముసలోడా?"

నిత్యానందం వంగి చిల్లుకానీలు ఏరుకుంటున్నాడు.

"ఏమే యశోదా, రోజూ ఈడనే ఉంటివి గదా. ఏం తీసినాడు?" అంది సుబ్బులమ్మ.

ఒక్క మాట చెబితే ఆయన బయటపడతాడు. చెబితే అత్త బతకనివ్వదు.

"నాకేం తెలీదత్తా" అంది యశోద తల వంచుకుని.

"ఆ పిల్లకేం తెలుసు? నాతో ఎప్పుడూ మాట్లాడిందే లేదు" అన్నాడు నిత్యానందం.

కర్ర విరగ్గొట్టారు. ఆ ముక్కలే ఏరుకుని బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు. యశోదా ఆపలేదు.

పత్తి అయిపోయింది. ఎండలు ముదిరాక ఒకరోజు, చిరిగిన ఒడిగుడ్డను ముక్కలు చేద్దామని యశోద కుట్లు విప్పింది.

మడతలోంచి ఏదో టంగుమని రాలింది.

పుస్తె. తన పుస్తె!

మెడ తడుముకుంది. అక్కడా రెండు ఉన్నాయి.

వాటిలో అరిగినదాన్ని కొంగు పైకి తీసి చూసింది. ఎవరికీ చెప్పకుండా కురిచేడు బస్సెక్కింది. ఇల్లు కనుక్కునేసరికి తలుపుకు తాళం.

"నిత్యానందం గారు లేరా అక్కా?" అని పక్కింటామెను అడిగింది.

"పోయినాడమ్మా, మొన్న ఎండల్లో. ఎవురూ లేని మనిషి. పెండ్లాం పోయినకాడి నుంచి ఆమె పుస్తె జేబులోనే పెట్టుకుని తిరిగేవాడు. నాతోపాటే దాన్నీ మట్టిలో పెట్టండి అనేవాడు. తీరా పోయేనాటికి అది జేబులో లేదు."

యశోద కొంగు కింద ఆ అరిగిన పుస్తెను గట్టిగా పట్టుకుంది.

"బతికుండగానే నేనూ అడిగినానమ్మా. యాడనో పడిపోయింది లే అన్నాడు" అని పక్కింటామె తాళం వైపు చూసింది. "నేలలో పోయిన సూదినైనా వెతికి తీసేవాడు. అదొక్కటి మాత్రం వెతకనే లేదు."