చివరి అంకె

“తోట ఎప్పుడు ఖాళీ సేత్తావే, ఈశ్వరమ్మా?”

టీ వడపోస్తూ అడిగాడు వరహాలరావు. అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపులో అతనిది నీలం రేకుల బడ్డీ. పైన కొండ మీద ఈశ్వరమ్మ కాఫీ తోట. నెలాఖరులోగా పట్టా రాకపోతే ఆమె తోట వదులుకోవాలి. వదిలితే అక్కడ టూరిస్టులకు గుడారాలు వేయిద్దామని అతని ఎదురుచూపు.

“సర్వే బాబొచ్చాడు కదా, సావుకారు బాబూ,” అందామె.

సర్వే బాబు హరీష్ ప్యాంటు మడతలు విప్పి జలగల కోసం వెతుక్కుంటున్నాడు. కొండెక్కలేదు, ఊరికే భయం.

“వానలో పైకెందుకు సార్? ఇక్కడే కానిచ్చీండి,” అన్నాడు వరహాలరావు, బజ్జీల ప్లేటు జరుపుతూ.

హరీష్ ఉపగ్రహాలతో ఉన్న చోటు గుర్తించే పరికరాన్ని బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. “తోట కొలతలు పాత బొమ్మలో ఉన్నాయమ్మా. చోటు ఇది పడుతుంది. మిగతాది సైన్, కాస్ లెక్కలు చూసుకుంటాయి.”

వారానికే పట్టా దరఖాస్తు తిరిగొచ్చిందని హరీష్ బడ్డీ దగ్గరకొచ్చి చెప్పాడు. పరికరం లెక్కకీ, ఆఫీసు కంప్యూటర్ లెక్కకీ చివరి అంకె కలవలేదట.

“ఎంత తేడా బాబూ?”

“వెంట్రుకని లక్ష ముక్కలు చేస్తే, ఒక ముక్క.”

“దానికి నన్ను తోటలోంచి గెంటేత్తారా?”

“లైబ్రరీ మార్చాలమ్మా.”

“మా ఊరి లైబ్రరీకి ఎప్పుడూ తాళమే సార్!” వరహాలరావు పగలబడి నవ్వాడు.

“అది కాదండీ, లెక్కలు కట్టే ప్రోగ్రాముల మూట. ఒకటి వేగం, చివరి అంకె ఉజ్జాయింపు. ఇంకోటి నిదానం, కానీ చివరి అంకెని ఏ యంత్రంలోనైనా కచ్చితంగా సవరిస్తుంది.”

“నిదానపుదే పెట్టు బాబూ. మా ఆయనా నిదానమే. ఆయన పోయి పదేళ్లయినా, పాతిన మూలరాయి కదల్లేదు.”

ఆమె చెప్పిన దాన్నే, మూడు మీటింగుల తర్వాత, ఆఫీసులో ముగ్గురు ఇంజనీర్లు ఎంపిక చేశారు.

నెలాఖరు రోజున హరీష్ పట్టా తెచ్చి, బడ్డీ దగ్గరే ఆమె చేతిలో పెట్టాడు. వరహాలరావు మొహం మాడింది.

“ఇంక మారదా సార్?”

“వెంట్రుకలో లక్షో వంతు కూడా మారదు. రెండు యంత్రాలదీ ఒకటే మాట.”

ఈశ్వరమ్మకు అక్షరాలు రావు. ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద ఎర్రగీత ఉంది. గీత లోపల కాఫీ చెట్ల కోసం వెతికింది. మొగుడి రాయి కోసం వెతికింది. రోడ్డు మలుపు, నీలం రేకు కనిపించాయి. కాగితం తిప్పి చూసింది. తలెత్తి పైన రేకు చూసింది. బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

“వరహాలూ, నా జాగా ఎప్పుడు ఖాళీ సేత్తావు?”