బోగస్ హాజరు

ఉద్యోగం వదిలి పదకొండేళ్లయినా మామగారు తనిఖీ మాత్రం వదల్లేదు. ఉప్పు డబ్బా మూత మొదలుకొని గోడ గడియారం దాకా, ఆ ఇంట్లో ఆయన చేత చీవాట్లు తినని వస్తువు లేదు. ఆ పొద్దున్న వంతు కోడలి ఫోనుది.

"ఏమంటోంది... మీ హాజరు పట్టీ?" అన్నారు వాలుకుర్చీలోంచి లేవకుండానే.

"ఎనిమిది దాటింది మామయ్యా, ఒకరింకా పలకలేదు."

మహమ్మారి రోజుల్లో ఆ పేటవాళ్లు ఫోనులో పెట్టుకున్న గ్రూపు అది. రోజూ ఎనిమిదిలోపు అందరూ "ఉన్నాను" అని ఒక్క మాట పెట్టాలి. హాజరు చూసేది కోడలు. ఎవరైనా పలకకపోతే మందుల షాపావిడకి చెప్పాలి. చిరునామాల పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది, అవసరం పడితే తప్ప తెరవదు. మిగతావాళ్లకి ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు, సగం మందికి అసలు పేర్లే లేవు, మారుపేర్లే. ఇవాళ పలకనిది "పాత గొడుగు". డెబ్బై రెండేళ్లు, ఒంటరి మనిషినని రాసుకున్నాడు. చేరిన నాలుగు రోజులూ సరిగ్గా ఏడు కొట్టేసరికి "ఉన్నాను" అన్నవాడు.

"ముప్ఫై ఏళ్లు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా... చేశానమ్మాయ్. రిజిస్టరులో అరవై మంది... బెంచీల మీద పన్నెండు మంది. హాజరంటేనే... బోగస్."

రెండు రోజులుగా మామగారు ఇలాగే డిక్టేషన్ చెబుతున్నట్టు ఆగి ఆగి మాట్లాడుతున్నారు. రాసుకోవాలేమోనని కోడలికి అనుమానం కూడా వచ్చింది. మేడమెట్లు ఎవరో రెండు పెంచారని నిన్న ఫిర్యాదు చేశారు. రోజుకి పది ఫిర్యాదులు వినే మనిషి కాబట్టి, ఆమె దాన్ని పదకొండోదిగా వేసుకుని ఊరుకుంది.

"పాపం, ఊపిరాడక పడిపోయి ఉంటేనో?" అంది.

"పడిపోతే మాత్రం... మొహం తెలియని వాడి కోసం ఎవడొస్తాడు? చేతులు జోడించిన బొమ్మలు... పెడతారు. అంతే."

మామాకోడళ్లకి మాటామాటా పెరిగినప్పుడల్లా ఆమె భర్తకి స్నానం గుర్తొస్తుంది. ఇప్పుడూ గుర్తొచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని జారుకున్నాడు.

"పందెం," అన్నారు మామగారు. "అరగంటలో ఒక్కడంటే ఒక్కడు... వాడి గుమ్మం తొక్కితే, తప్పు నాదేనని ఒప్పుకుంటా. లేదంటే... ఈ పూటే నువ్వు అందులోంచి బయటికి రావాలి."

ఆయన తప్పు ఒప్పుకోగా చూడాలని అత్తగారు నలభై ఏళ్లు ఎదురుచూసి, చూడకుండానే వెళ్లిపోయారు. గ్రూపు పోతే కోడలికి ప్రాణం పోయినట్టే. అయినా "సరే" అనేసి, గొడుగు పలకలేదని గ్రూపులో కబురు పెట్టేసింది.

ఫోను టింగుమంది. "చిరునామా తీస్తున్నా" అని మందుల షాపావిడ. "దగ్గరైతే నాకు పంపండి" అని కుట్టుమిషనావిడ. "ఆక్సిజన్ సిలిండరు ఎక్కించా, ఎటు?" అని వ్యాను డ్రైవరు. చేతులు జోడించిన బొమ్మ ఒక్కటీ రాలేదు. ఆ తర్వాత మరి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఐదు నిమిషాలు. ఎనిమిది. మామగారి కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి.

"చూశావా... సద్దుమణిగింది," అన్నారు.

తలుపు దబదబా మోగింది.

గుమ్మంలో మాస్కు కట్టుకున్న డ్రైవరు, భుజాన సిలిండరు. వెనకాల రొప్పుతూ కుట్టుమిషనావిడ. కుడికాలికి ఒక రకం చెప్పు, ఎడంకాలికి ఇంకో రకం.

"గొడుగు గారిల్లు ఇదేనాండీ? బాగానే ఉన్నారా?"

"కాదండీ, ఇది మా ఇల్లు..." అంటూ కోడలు వెనక్కి తిరిగింది.

వాలుకుర్చీలోంచి మామగారు చెయ్యెత్తారు, క్లాసులో పిల్లాడిలా.

"నేనే... ఆ గొడుగుని. ఆకస్మిక తనిఖీ. పదకొండు నిమిషాలు. పాస్ చేశాను. ఇక మీరు... వెళ్లొచ్చు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. వాళ్లిద్దరూ మాత్రం కోప్పడలేదు, కదలనూ లేదు. కుట్టుమిషనావిడ సంచీలోంచి వేలికి తగిలించే ఆక్సీమీటరు తీసింది.

"పలకనివాళ్ల వేలు చూడకుండా వెనక్కి రాకూడదని మా రూలు బాబాయిగారూ. ఇటివ్వండి."

"నాకేం... రోగం లేదు. ఇది బోగస్ గైర్హాజరు."

"రూలుకి అదంతా తెలీదు కదండీ."

రూలు అన్న మాటకి ఆయన జన్మలో ఎదురు చెప్పలేదు. వేలిచ్చారు.

తొంభై అయిదు ఉండాల్సిన చోట ఎనభై మూడు. ఆవిడ వేలు మార్చి చూసింది. ఎనభై రెండు.

అప్పుడర్థమైంది కోడలికి, రెండు రోజులుగా సాగుతున్నది డిక్టేషన్ కాదని.

సబ్బు నురగతోనే బయటికొచ్చిన కొడుకు ఓ పక్క, డ్రైవరు ఇంకో పక్క పట్టుకుని, మనిషిని కుర్చీతో సహా వ్యాన్లోకి ఎక్కించారు. ముక్కు మీది గొట్టాన్ని కాస్త పక్కకి జరిపి మామగారు కోడల్ని దగ్గరికి పిలిచారు.

"తప్పు నాదేనమ్మాయ్," అన్నారు. "నా గైర్హాజరు... బోగస్ కాదు."